గోదావరిఖనిలో నిద్రపోయిన మా రాజుగారు

రేపల్లె నుంచి గోదావరిఖని వెళ్లొచ్చానని చెబితే మా వీధిలో ఎవరూ ‘ఎలా ఉంది?’ అని అడగలేదు. ‘అక్కడేముంది, బొగ్గు తప్ప?’ అనే అడిగారు. వెళ్లక ముందు నేనూ అదే అనుకున్నాను కాబట్టి వాళ్లని తప్పుపట్టను. కానీ అక్కడ ఏముందో చెప్పకుండా ఊరుకోవడం నా వల్ల కాదు.

ముందు నేనెందుకు వెళ్లానో చెప్పాలి. ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం టీచరుగా రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక నాటకం రాశాను. నవ్వుల నాటకం. అంతా పాటలే, మాటలు కూరలో ఉప్పులా అక్కడక్కడా. పేరు ‘గుర్రు మహారాజు’. పొద్దస్తమానం నిద్రపోయే రాజు కథ. ఆయన్ని లేపిన వాళ్లకి మంత్రి పదవి ఇస్తామని దండోరా వేస్తారు. వస్తాదు, వంటవాడు, జ్యోతిష్కుడు, డప్పులవాళ్లు వరసగా వస్తారు, తలా ఓ పాట పాడతారు, ఓడిపోతారు. చివరికి రాణి వచ్చి జోలపాట పాడుతుంది. పాడుతూ పాడుతూ టక్కున ఆపేస్తుంది. ఆ నిశ్శబ్దానికి రాజు కళ్లు తెరిచి, “ఎందుకాపావు దేవీ?” అంటాడు. నాటకం మొత్తం మీద రాజుకున్న మాట అదొక్కటే. ఆ ముగింపు తట్టిన రోజు నన్ను నేనే మెచ్చుకుని పెరుగన్నంలో రెండు అప్పడాలు ఎక్కువ వేసుకున్నాను.

రేపల్లెలో నాటకం వేయించాను. ఆ రోజు హాల్లో మేలుకుని ఉన్నది రాజు వేషం వేసినాయన ఒక్కరే. ముందు వరసలో మా ఆయన పెట్టిన గుర్రు నా హార్మోనియం శ్రుతికి సరిగ్గా సరిపోయింది. రాణి పాట ఆపగానే నిశ్శబ్దం వచ్చింది, నిజమే. రాజు తన మాట చెప్పాక కూడా అది అలాగే ఉండిపోయింది. ఇంటికొచ్చి హార్మోనియం మీద దుప్పటి కప్పేశాను.

మా మేనల్లుడు ఆ నాటకాన్ని ఫోన్‌లో తీసి ఎక్కడో పెట్టాడట. దాన్ని చూసి గోదావరిఖని నుంచి రాజేశ్వరి అనే ఆవిడ ఫోన్ చేసింది. “అమ్మా, మా కాలనీల నీ నాటకం ఆడుతున్నం. నేను రాణిని. నువ్వొచ్చి పెట్టె వాయించాలె” అంది. పెట్టె అంటే హార్మోనియం. వెళ్తానని చెప్పి, మా ఆయనతో మాత్రం గట్టిగానే అన్నాను: “అక్కడ కూడా ఎవరూ నవ్వకపోతే ఇక కలం ముట్టను.” ఆయన పేపరు దించకుండా, “రెండు చీరలు చాలు, తొందరగానే వచ్చేస్తావు” అన్నాడు.

రైల్లో

విజయవాడ దాటాక నా ఎదురు సీట్లోకి ఒక గాజుల వ్యాపారి వచ్చాడు. వాళ్ల తాతగారు గుంటూరు వైపు నుంచి గాజుల మూటతో గోదావరిఖని వెళ్లి అక్కడే ఉండిపోయారట. ఈయన మాట సగం మా వైపుది, సగం అటు వైపుది. నాటకం పని మీద వెళ్తున్నానని చెబితే మొహం వెలిగిపోయింది.

“మా ఊళ్లో నాటకమంటే పడి చస్తారండీ. దుకాణం మూసేసి మరీ వస్తారు. కానీ ఒక్కటి చెప్తా, ఏమనుకోవద్దు. బాగుంటే నెత్తిన పెట్టుకుంటారు, బాగలేకపోతే మొహం మీదే చెప్తారు. వెనకాల చెప్పే అలవాటు లేదు.”

ఆ మాట వినగానే సంచిలోంచి నాటకం కాగితాలు తీసి మళ్లీ మొదటి నుంచి చదువుకోవడం మొదలుపెట్టాను. ఆయన నా భయం తెలియక మంచి మనసుతో చాయ్ కూడా ఇప్పించాడు. మా రేపల్లెలో నాటకం బాగాలేకపోతే ‘పర్వాలేదండీ, డ్రెస్సులు బాగున్నాయి’ అంటారు. ఆ మర్యాదకి అలవాటు పడిన ప్రాణం నాది.

గోదావరిఖనికి దగ్గరి రామగుండం స్టేషనులో దిగేసరికి దూరాన కరెంటు ప్లాంటు గొట్టాలు ఆకాశంలోకి పొగ వదులుతున్నాయి. రాజేశ్వరి ఆటోతో సిద్ధంగా ఉంది. నలభై దాటిన మనిషి, గలగలా మాట్లాడుతుంది. నా సంచి లాక్కుని, “పెట్టె జాగ్రత్త అన్నా, పసిపిల్ల లెక్క పట్టుకో” అని ఆటో ఆయనకి హార్మోనియం అప్పగించింది. దారిలో బొగ్గు లారీలు టార్పాలిన్లు కప్పుకుని ఎదురొచ్చాయి. ఎక్కడ చూసినా నల్లగా ఉంటుందనుకున్నదాన్ని, చూస్తే క్వార్టర్ల ముందు మందారాలు, బొప్పాయి చెట్లు, ముగ్గులు. నల్లగా ఉన్నది రోడ్డు అంచులే.

క్వార్టర్లో మొదటి సాయంత్రం

రాజేశ్వరి భర్త మల్లేశం బొగ్గుబావిలో పనిచేస్తాడు. బావిని ఇక్కడ బాయి అంటారు. నా నాటకంలో రాజు ఆయనే. మనిషి నిజంగానే రాజులా ఉంటాడు, మాట మాత్రం బహు తక్కువ. నేను “మల్లేశం గారూ” అంటే సిగ్గుపడి, “గారు ఎందుకమ్మా, మల్లేశం అను” అన్నాడు.

అన్నంలోకి వంకాయ కూర, పచ్చిపులుసు, అంచుకి సర్వపిండి. పచ్చిపులుసు అంటే పొయ్యి ఎక్కని చారన్న మాట. చింతపండు పులుసులో ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన మిరపకాయ పిసికి పోస్తారు. మా ఇంట్లో చారు మరగకపోతే పెద్ద గొడవ. ఇక్కడ మరిగిస్తే గొడవట. మూడుసార్లు పోయించుకున్నాను. సర్వపిండి అంటే బియ్యప్పిండి రొట్టె, గిన్నెకే అతికించి కాల్చి, విరిచి పెట్టారు. పళ్లకు పని చెప్పినా రుచి వదల్లేదు.

తరవాత ఇంటి ముందు ఖాళీ స్థలంలో రిహార్సల్. ఓదెలు కాక వచ్చి డోలక్ ముందు కూర్చున్నాడు. ఆయన బాయి పని చేసి రిటైరైన పెద్దాయన, ఊరందరికీ కాకే, అంటే బాబాయే. నా నాటకంలో రాజు గుర్రు ఎలా పెట్టాలా అని రేపల్లెలో మేం తలలు బద్దలు కొట్టుకున్నాం, చివరికి వదిలేశాం. ఓదెలు కాక బొటనవేలు తడి చేసుకుని డోలక్ తోలు మీద నెమ్మదిగా రాశాడు. లోపల్నుంచి పేద్ద గుర్రు వచ్చింది. ఒకసారి సన్నగా, ఒకసారి లావుగా, మధ్యలో ఆగి మళ్లీ అందుకుంటూ. నేను నోరెళ్లబెట్టాను.

“ఇదెక్కడ నేర్చుకున్నారండీ?”

“మా తమ్ముడు పండుకుంటే గిట్లనే ఉంటది బిడ్డా. విని విని నేర్సిన.”

రాజు వేషానికి పెద్ద పనేమీ లేదు కదా, మంచం మీద పడుకోవడమే. అయినా మల్లేశం తన ఒక్క మాటనీ నెల రోజులుగా సాధన చేస్తున్నాడట. స్నానం చేస్తూ, అన్నం తింటూ, బాయిలోకి దిగుతూ. “ఎందుకాపావు దేవీ?” కోపంగా ఒకసారి, ప్రేమగా ఒకసారి, పులిలా ఒకసారి. “ఎట్ల చెప్పాలమ్మా, గట్టిగనా, మెల్లగనా?” అని నన్ను అడిగాడు. “మెల్లగా, బెంగగా” అన్నాను. బుద్ధిగా తలూపి, నైట్ షిఫ్ట్ టైమవుతోందని టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. గల్లీ చివరిదాకా ఆ మాట బెంగగా వినిపిస్తూనే ఉంది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాటలు బాగా పాడుతున్నారు. కానీ రేపల్లెలోనూ బాగానే పాడారు.

నేను కాపాడిన టోపీ

మర్నాడు ఆదివారం, నాటకం మధ్యాహ్నం. పొద్దున్నే మల్లేశం డ్యూటీ దిగి వచ్చాడు, తిన్నాడు, లోపలి గదిలో పడుకున్నాడు. రాజేశ్వరి తెర కట్టించడానికి హాలుకి వెళ్లింది. నేను వాకిట్లో తల ఆరబెట్టుకుంటున్నాను.

అప్పుడు గోడ మీదకి కోతులు దిగాయి. గేటుకి మల్లేశం డ్యూటీ టోపీ వేలాడుతోంది, ప్లాస్టిక్‌ది, పసుపు రంగు. పాపం అలసటలో అక్కడ తగిలించి మర్చిపోయాడనుకున్నాను. ఒక కోతి దాని మీదకి చెయ్యి చాచింది. నేను చీపురుతో దాన్ని తరిమి, టోపీ లోపలికి తీసుకెళ్లి, తుడిచి, టీవీ పక్కన జాగ్రత్తగా పెట్టి వచ్చాను. ఆతిథ్యానికి ఉడతాభక్తి అనుకుని తెగ మురిసిపోయాను.

కాసేపటికి కూరగాయల బండి ఆమె వచ్చింది. మా గేటు వైపు ఒకసారి చూసింది. చూసి, గొంతు సవరించుకుని, “తోటకూరో! బీరకాయలో! టమాటలో!” అని అందుకుంది. వెనకే గ్యాస్ బండి ఆయన సిలిండరు మీద స్పానరుతో టంగుటంగుమని కొట్టాడు. పక్క క్వార్టర్లో టీవీ మోగింది. పిల్లలు సరిగ్గా మా గేటు ముందే వికెట్లు పాతారు. అంతసేపూ ఊపిరి బిగబట్టినట్టున్న గల్లీకి ఒక్కసారిగా గొంతు వచ్చింది. ఇదేమిటి, నేను తల ఆరబెట్టుకునేదాకా ఆగారా అనుకున్నాను.

తలుపు తీసుకుని మల్లేశం వచ్చాడు. కళ్లు మిరపకాయల్లా ఉన్నాయి. గేటు వైపు చూసి, “టోపీ ఏదమ్మా?” అన్నాడు.

సంగతేమిటంటే, ఈ గల్లీలో గేటుకి టోపీ ఉంటే లోపల నైట్ షిఫ్ట్ మనిషి పడుకున్నాడని గుర్తు. దాన్ని చూసి బండ్ల వాళ్లు అరవకుండా పోతారు, పిల్లలు ఆట ఇంకో చోటికి మార్చుకుంటారు, పక్కవాళ్లు టీవీ తగ్గిస్తారు. టోపీ తీశారంటే మనిషి లేచినట్టే. అంటే నేను కోతి నుంచి టోపీని కాపాడి, ఆయన నిద్రని ఊరందరికీ అప్పగించాను.

నాకు తల కొట్టేసినట్టయింది. “క్షమించండి, మళ్లీ పెట్టేస్తాను, మీరు పడుకోండి” అన్నాను.

“ఏం గాదమ్మా, నీకేం ఎరుక?” అని నవ్వే ప్రయత్నం చేశాడు. “పోయిన నిద్ర పిలిస్తే రాదు. ఫికర్ చెయ్యకు.” అయినా వెళ్లి పడుకున్నాడు. లోపల్నుంచి మంచం కిర్రుమంటూనే ఉంది.

రాజేశ్వరి వచ్చి విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, చప్పుడు రాకుండా. “మా ఇంట్ల రోజూ గిదే నాటకమమ్మా. నీ వీడియో చూసినప్పుడే అనుకున్న, ఈమె ఎవరో గాని మా ముచ్చట రాసిందని. కాకపోతే నీ నాటకంల లేపెటందుకు తిప్పలు పడ్తరు. మేం లేపకుండ ఉండెటందుకు పడ్తం.”

ఎన్నడూ నైట్ షిఫ్ట్ మనిషిని చూడని దాన్ని నేను. ఆమె నవ్వుతోంది గానీ నాకు నవ్వు రాలేదు. రాజు వేషగాడికి నిద్ర లేదు, అదీ నా వల్ల.

గోదావరి దాటి మంచిర్యాల

ఆ ఇంట్లో ఆయన ఎదుట పడలేక, కిరీటం అద్దెకి తేవడానికి ఓదెలు కాక మంచిర్యాల వెళ్తుంటే నేనూ బయల్దేరాను. గోదావరి వంతెన మీద బస్సు నెమ్మదించగానే కిటికీల్లోంచి చిల్లర నాణేలు నీళ్లలోకి ఎగిరాయి. నేనూ ఒకటి వేసి, నవ్వించు తల్లీ అని దండం పెట్టుకున్నాను. మా దగ్గర సముద్రంలో కలిసేముందు కృష్ణమ్మకి ఇంత తీరుబడి ఉండదు. ఇక్కడ గోదారి ఇసుక తిన్నెల మధ్య సెలవు పెట్టినట్టు పడుకుని ఉంది.

బస్టాండు దగ్గర మక్క గారెలు తిన్నాం. అంటే మొక్కజొన్న గారెలు. మిరపకాయలు దంచి వేస్తారు, కాగితం ముక్కలో పెట్టి చేతికిస్తారు. ఇరవై రూపాయలకి కడుపు నిండింది, కళ్లలో నీళ్లూ నిండాయి.

నాటకాల డ్రెస్సుల దుకాణంలో రాజుల కిరీటాలన్నీ ఎవరో ముందే పట్టుకెళ్లారు. మిగిలింది ఒక్కటే, కొమ్ములున్న యముడి కిరీటం. “కొమ్ములకి గుడ్డ చుట్టేద్దామండీ, ఎవరికి తెలుస్తుంది?” అన్నాను నేను, రేపల్లె తెలివితో.

ఓదెలు కాక దాన్ని చేత్తో కూడా తాకలేదు. “వద్దు బిడ్డా. బాయి పనోని నెత్తి మీద యముని కిరీటం పెడ్తమా? నాటకానికైనా వద్దు” అన్నాడు. ఆ మాట మెల్లగానే అన్నాడు గానీ, ఇంక బేరం లేదని అర్థమైంది. నేనే దాన్ని తిరిగి దుకాణాయన చేతిలో పెట్టాను.

ఫ్యాన్సీ షాపులో బంగారు రంగు కాగితం కొన్నాం. బస్సులోనే దాన్ని కత్తిరించి, మల్లేశం టోపీకి ఎలా అతికించాలో కాక లెక్కలు వేసుకున్నాడు. “వాడిని ఇన్నేండ్లు కాపాడింది గదే. గంతకన్న కిరీటం ఏముంటది?” అన్నాడు.

హాలు

హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక ఇళ్ల నుంచి చాపలు తెచ్చుకున్నారు. ముసలమ్మలు ముందు వరస ఆక్రమించి గుడాలు, అంటే మన గుగ్గిళ్లు, తింటున్నారు. నేను వేదిక పక్కన హార్మోనియం ముందు, నా పక్కన ఓదెలు కాక. మల్లేశం వేషంతో మంచం ఎక్కుతూ ఆవులించాడు. బంగారు కాగితం అతికించిన టోపీ తలకి నిజంగానే నప్పింది.

తెర లేచింది. ఒక్క మాట లేదు, ఒక్క పాట లేదు, హాలంతా ఘొల్లుమంది. నాకు అర్థం కాక తలెత్తి చూశాను. రాజుగారి కోట గుమ్మం అట్టతో చేసి నిలబెట్టారు. ఆ గుమ్మానికి ఓదెలు కాక పాత డ్యూటీ టోపీ వేలాడుతోంది.

“రాజు నైట్ షిఫ్టా ఏందే!” అని ఎవరో అరిచారు. మళ్లీ ఘొల్లు. ఈలలు. రేపల్లెలో మొత్తం నాటకానికి దొరకని నవ్వు ఇక్కడ తెర లేవగానే దొరికింది. నా గుండె మీది బరువు సగం అక్కడే దిగిపోయింది.

ఆ తరవాత నేను చూసింది ఇక్కడి ప్రేక్షకుల్ని. మా వైపు పద్యం నచ్చితే ‘వన్స్ మోర్’ అని అరిచి ఊరుకుంటారు. ఇక్కడ వేదిక మీదవాళ్లతో కాపురం చేస్తారు. వస్తాదు తొడ కొట్టి పాడితే, “గంత చప్పుడు చేస్తే కాదు బావా, చెవిల ఊదు!” అని సలహా. వంటవాడు తాలింపు పాట పాడితే, “బోటి కూర వాసన చూపియ్యి, సచ్చినట్టు లేస్తడు!” అని ఒకామె లేచి నిలబడి చెప్పింది. జ్యోతిష్కుడి పాటని మూడుసార్లు పాడించుకున్నారు. మూడోసారి వాళ్లే అందుకుని ఆయన్ని ఊరికే నిలబెట్టారు. ప్రతి ఓటమికీ ఓదెలు కాక తడి వేలు డోలక్ మీద గుర్రుమనేది, హాలు ఊగిపోయేది.

డప్పులవాళ్ల పాట మధ్యలో ఎక్కడో సైరన్ కూసింది. కాసేపటికి కింద నేల ఒక్క కుదుపు కుదిపింది. పైకప్పు నుంచి దుమ్ము రాలింది. భూకంపం అనుకుని నేను “అమ్మో!” అని హార్మోనియం వదిలేసి లేచి నిలబడ్డాను. హాల్లో ఒక్కరు కదల్లేదు. అందరూ నన్నే చూస్తున్నారు. ఆదివారమైనా ఓపెన్‌కాస్ట్ గనిలో పేలుళ్లు ఆగవట. అది రోజూ ఉండే బ్లాస్టింగేనట.

వేదిక మీద రాజు మాత్రం చెయ్యి కూడా కదపలేదు.

“బ్లాస్టింగుకే లేవనోడు నీ డప్పుకు లేస్తడా!” అని వెనక నుంచి ఎవరో అందుకున్నారు. ఇక నవ్వులు ఎంతకీ ఆగలేదు. నేనూ కూర్చుని నవ్వడం మొదలుపెట్టాను. మల్లేశం ఎంత బాగా నటిస్తున్నాడో అని ముచ్చటపడ్డాను కూడా.

చివరికి రాణి వచ్చింది. రాజేశ్వరి మంచం పక్కన కూర్చుని జోలపాట ఎత్తుకుంది. అంత గోల చేసిన హాలు మెత్తబడింది. ముందు వరస ముసలమ్మలు గుడాలు నమలడం ఆపారు. అనుకున్న చోట రాజేశ్వరి పాట ఆపింది. నేను చెయ్యి తీసేశాను. ఓదెలు కాక చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

నిశ్శబ్దం. రాజు ఇప్పుడు కళ్లు తెరవాలి.

తెరవలేదు.

రాజేశ్వరి కాస్త దగ్గింది. రాజు లేవలేదు. మంచం కోడు మీద గాజులు తట్టింది. లేవలేదు. నాకు ఆ నిశ్శబ్దం బాగా తెలుసు. రేపల్లె హాల్లో హార్మోనియం ముందు కూర్చుని విన్నదే. ఇంత దూరం వచ్చి, ఇంత నవ్వించి, చివర్లో మళ్లీ అక్కడికే వచ్చామా అనుకున్నాను.

అప్పుడు గుర్రు వినిపించింది. సన్నగా మొదలై, లావుగా మారి, మధ్యలో ఆగి, మళ్లీ అందుకుంది. నేను ఓదెలు కాక వైపు చూశాను. ఆయన చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఆయనా నా వైపు చూశాడు.

పొద్దున నేను పోగొట్టిన నిద్ర మధ్యాహ్నం వేదిక మీద ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. నాటకం పోయింది, పాడుచేసింది నేనే అనుకున్నాను. రాజేశ్వరి భర్త భుజం మీద చెయ్యి వేసి కుదపబోయింది.

“ఏయ్ పోరీ, లేపకు!”

ముందు వరసలో ఒక అవ్వ లేచి నిలబడింది. “నిజంగనే పండుకున్నడే! రాత్రంత బాయిల ఉండి వచ్చిండు. పండుకోనియ్యి. పాడు, నువ్వు పాట పాడు!”

“పాడక్కా, ఆపకు” అని ఇంకెవరో అన్నారు, అదీ గుసగుసగా. అప్పటిదాకా ఈలలు వేసిన మనుషులు ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకుని “ష్, ష్” అనుకుంటున్నారు. రాజేశ్వరి నా వైపు చూసింది. నా నాటకం, నా ముగింపు. నేనేం చెప్పను? హార్మోనియం మీద చెయ్యి వేశాను, మెల్లగా.

ఆమె మళ్లీ పాట ఎత్తుకుంది. ఇప్పుడు రాణిలా పాడలేదు, ఇంట్లో పాడినట్టు పాడింది. కొంగుతో విసురుతూ పాడింది. ముందు ముసలమ్మలు, వాళ్ల వెనక ఆడవాళ్లు, ఆ తరవాత మగవాళ్లు కూడా నోరు మూసుకునే ఆ రాగం అందుకున్నారు. హాలంతా ఒక మనిషిని నిద్రపుచ్చుతోంది. అవ్వ ముందుగా తన చెప్పులు చేత్తో పట్టుకుంది. ఆమెని చూసి ఒక్కొక్కరే లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద నడుస్తూ, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయారు. ఓదెలు కాక తెర తాడుని నెమ్మదిగా, కప్పీ చప్పుడు కాకుండా వదిలాడు.

ఒక్క చప్పట్టూ లేదు. ఖాళీ హాల్లో నేను హార్మోనియం ముందు కూర్చుని ఉన్నాను. ఇది గెలుపో ఓటమో నాకే తెలియలేదు.

అప్పుడు బయట, రోడ్డు అవతల నుంచి వినిపించింది. చప్పట్లు. ఈలలు. దాచుకున్న నవ్వంతా ఒక్కసారిగా తెంచుకున్నట్టు. రాజుకి వినపడనంత దూరం వెళ్లి, అక్కడ నిలబడి కొడుతున్నారు. నేను తెర చాటున కూర్చుని హాయిగా ఏడ్చాను. అమ్మయ్య అనుకున్నాను, పదిసార్లు అనుకున్నాను. మల్లేశం మాత్రం పొద్దు వాలేదాకా లేవలేదు. ఆయన లేచేదాకా కోట గుమ్మానికి టోపీ అలాగే ఉంది, హాలు తాళం వెయ్యడానికి వచ్చినాయన కూడా దాన్ని చూసి వెనక్కి వెళ్లిపోయాడు.

మందమర్రి

మంచిర్యాల అవతల మందమర్రి అని ఇంకో బొగ్గు ఊరుంది. మర్నాడు అక్కడి వాళ్లు ఫోన్ చేశారు, తమ కాలనీలో కూడా ఆడాలని. హాలు చూడ్డానికి రాజేశ్వరి, మల్లేశం వెళ్తూ నన్నూ తీసుకెళ్లారు. బజారులో చాయ్ తాగుతుంటే అక్కడి కమిటీ మనిషి వచ్చి కూర్చున్నాడు. హాలు, మైకులు, చాపలు, అన్నీ మాట్లాడాడు. చివరికి అసలు సంగతికి వచ్చాడు.

“రాజు లేచుడు వద్దక్కా. గోదావరిఖనిల ఎట్ల పండుకున్నడో గట్లనే పండుకోవాలె. చెప్పులు పట్టుకొని పోవుడు మాకు గూడ కావాలె. మావోళ్లందరు గదే అడుగుతున్నరు.”

మల్లేశం చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. “నాకున్నదే ఒక్క మాట అమ్మా” అన్నాడు నాతో, నిజంగానే బాధగా. “నెల దినాలు నేర్చుకున్న. అది గూడ తీసేస్తరా?”

నేనూ రాజేశ్వరీ ఒకరి మొహం ఒకరం చూసుకుని పకపకా నవ్వాం. తరవాత పాపమనిపించి, అక్కడే చెప్పించుకున్నాను. మందమర్రి బజారులో, చాయ్ బండి ముందు నిలబడి, మెల్లగా, బెంగగా అన్నాడాయన: “ఎందుకాపావు దేవీ?” చాయ్ పోసే ఆయన పోయడం ఆపి చప్పట్లు కొట్టాడు.

మర్నాడు పొద్దున నేను బయల్దేరినప్పుడు గేటుకి టోపీ ఉంది. మల్లేశం లోపల నిద్రలో ఉన్నాడు. రాజేశ్వరి, ఓదెలు కాక, గల్లీలో ఆడవాళ్లు, కూరగాయల బండి ఆమెతో సహా వచ్చి సాగనంపారు, అంతా గుసగుసల్లోనే. “మళ్ల రా అమ్మా.” “కొత్తది రాసినంక జెప్పు.” “ఈసారి ఎక్కువ దినాలుండు.” నేను కూడా గుసగుసగానే సరే అన్నాను. ఆటో మలుపు తిరిగాక గానీ వాళ్లు చేతులు పైకెత్తి గట్టిగా పిలవలేదు.

రేపల్లె

ఇంటికొచ్చి, హార్మోనియం మీద కప్పే దుప్పటిని మడత పెట్టేశాను, మళ్లీ కప్పలేదు. జరిగిందంతా మా ఆయనకి భోజనం దగ్గర చెప్పాను, టోపీ సంగతి, అవ్వ సంగతి, రోడ్డు అవతల చప్పట్ల సంగతి. ఆయన ఎప్పటిలాగే ఊ కొట్టాడు. విన్నాడో లేదో తెలియలేదు.

కొత్త నాటకం మొదలుపెట్టాను. ఈసారి కోతుల మీద. మధ్యాహ్నం పూట ముందు గదిలో కూర్చుని పాడుకుంటూ రాస్తున్నాను. మా వీధిలో ఆ వేళప్పుడే చేపల ఆమె వస్తుంది, పాత సామాన్లాయన వస్తాడు, ఎదురింటివాళ్లు పలకరించడానికి వస్తారు. మొన్న ఎవరూ రాలేదు. నిన్నా రాలేదు. ఎందుకో ఊరు నిశ్శబ్దంగా ఉందేమిటా అని కిటికీలోంచి తొంగి చూశాను.

గేటుకి మా ఆయన స్కూటరు హెల్మెట్ వేలాడుతోంది. పక్కనే కుర్చీ వేసుకుని, వచ్చేవాళ్లకి నోటి మీద వేలు చూపిస్తూ ఆయన కాపలా కూర్చున్నాడు. చేపల ఆమె బుట్ట దించకుండానే గొంతు తగ్గించి అడుగుతోంది:

“ఏంటి బాబుగారూ, లోపలెవరన్నా పడుకున్నారా?”

“ఎవరూ పడుకోలేదు” అన్నాడాయన. “మా ఆవిడ రాస్తోంది.”